అడ్డుచెక్క

ఇన్నేళ్ళు నేను మోసిన బరువును తక్కెట్లో వేస్తే వంద గ్రాములు కూడా తూగదు. అరచేతిలో పట్టే చెక్కముక్క అది. రెండు చివరలా రెండు స్క్రూ బెజ్జాలు ఉంటాయి. చొక్కా జేబులో మోసింది రెండు సాయంత్రాలే. మిగతా పదేళ్ళూ ఎక్కడ మోశానో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. మీరూ ఏదో ఒకటి మోస్తూనే ఉంటారు.

చెప్పవలసిన వాళ్ళకు చెప్పేశాను. ముందే ఆ మాట అనేస్తున్నాను, నన్ను మరీ జాలిగా చూడకండి. మరి మీకెందుకు మళ్ళీ చెప్పడం? మొదటిసారి చెప్పినప్పుడు తడబడ్డాను. సగం మాటలు మింగేశాను. నా తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఒక్కసారైనా మొత్తం చెప్పుకోవాలని ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీ ముందు కూర్చోవడం సుళువుగా ఉంది.

నాకు పలమనేరులో కళ్ళజోళ్ళ అంగడి ఉంది. రోజంతా ఊరివాళ్ళ చూపు సరిచేసే పని. ఆ పనివల్లనో, పుట్టుకతో వచ్చిన గుణమో, అందరికంటే నాకే బాగా కనబడుతుందని ఒక ధీమా ఉండేది. పిల్లి ఎదురొస్తే ఆగిపోయే మనిషిని చూస్తే నా నోరు ఊరుకునేది కాదు. శకునాలు, దిష్టి, తుమ్ములు, అన్నిటినీ ఎగతాళి చేసేవాణ్ణి. ఎవరైనా నొచ్చుకుంటే అది వాళ్ళ అజ్ఞానం అనుకునేవాణ్ణి. ఈ సంగతి ముందు చెప్పకపోతే తరువాతది మీకు అర్థం కాదు.

బెంగుళూరు నుంచి ఒక అద్దం తెప్పించుకుని సొంతంగా టెలిస్కోపు చేయించుకున్నాను. టెలిస్కోపు అనగానే అందరూ గొట్టం ఎంత పొడుగు, అద్దం ఎంత వెడల్పు అని అడుగుతారు. అది కూర్చునే స్టాండు గురించి ఎవరూ అడగరు. కానీ స్టాండు ఊగితే చంద్రుడూ ఊగుతాడు. ఎంత మంచి అద్దమైనా అప్పుడు దండగే. నా స్టాండు చెక్కపెట్టె. మోటారు లేదు, బ్యాటరీ లేదు. దానికి రెండే కదలికలు. గొట్టాన్ని కిందికీ పైకీ వంచడం ఒకటి, పెట్టెను చుట్టూ తిప్పడం ఇంకొకటి. ఆకాశంలో దేన్ని చూడాలన్నా ఈ రెండింటితోనే చేతులతో తోసుకుంటూ వెళ్ళి అందుకోవాలి. అందుకున్నాక కూడా అది నిలవదు. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి కంటిముందు నుంచి మెల్లగా జారిపోతుంది. మళ్ళీ కొంచెం తోయాలి. మొదట్లో విసుగ్గా ఉండేది. అలవాటయ్యాక ఆ తోపులోనే సుఖం ఉందని తెలిసింది. గట్టిగా తోస్తే దాటిపోతుంది, భయపడుతూ తోస్తే కదలదు. చెయ్యికి దానంతట అదే తెలిసిపోవాలి.

ఆ పెట్టె చేసినవాడు ఖాదర్ బాషా. నా అంగడికి రెండు అంగళ్ళ అవతల అతని చెక్కపని. బడిలో ఒకే బెంచీలో కూర్చున్నాం. తలుపులు, మంచాలు చేసే మనిషికి నేను ఈ పెట్టె సంగతి చెబితే నవ్వాడు, తరువాత నాకంటే అతనికే పిచ్చి పట్టింది. గొట్టానికి రెండు పక్కలా గుండ్రటి బిళ్ళలు బిగించాడు. అవి కూర్చోవడానికి పెట్టె పక్కపలకల్లో గుంటలు తీశాడు. పెట్టె నున్నగా తిరగాలని కింద ఒక పాత గ్రామఫోన్ రికార్డు పెట్టాడు. అది వాళ్ళ నాయనది. ఇక ముందువైపు, గొట్టం మరీ కిందికి వంగి గుంటల్లోంచి బయటికి ఎగిరిపోకుండా, రెండు స్క్రూలతో ఒక అడ్డుచెక్క బిగించాడు.

"ఇది ఉంటే నువ్వు సెయ్యి ఇడిసిపెట్టినా ఏం గాదప్పా" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

చవితి నాటి చంద్రుణ్ణి చూస్తే చేయని తప్పుకు నింద పడుతుందని మనవాళ్ళ నమ్మకం. పూజలో కథ విని అక్షతలు నెత్తిన వేసుకుంటే దోషం ఉండదంటారు. అయినా వినాయక చవితి సాయంత్రం మా వీధిలో ఎవరూ తల ఎత్తరు. మిద్దెమీద ఆరేసిన బట్టలు కూడా ఆడవాళ్ళు మర్నాడే తీసుకుంటారు. పదేళ్ళ కిందట నాకొక బుద్ధి పుట్టింది. చవితి నాడే మా మిద్దెమీద టెలిస్కోపు పెట్టి అందరికీ చంద్రుణ్ణి చూపిస్తానని వీధంతా చెప్పాను. ఏ నింద పడుతుందో నేనూ చూస్తాను అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా అన్నానంటే, వినాయకుడి పందిట్లో మైకు పట్టుకుని మరీ అన్నాను.

ముందురోజు, అంటే తదియ నాడు, ఒకసారి సరిచూసుకుందామని మిద్దెక్కాను. సాయంత్రమంతా మబ్బు. మబ్బు విడేసరికి చంద్రుడు కొండ అంచుకు దిగిపోయాడు. గొట్టం అంత కిందికి వంగడం లేదు, అడ్డుచెక్క తగులుతోంది. స్క్రూడ్రైవర్ తెచ్చి రెండు స్క్రూలూ తీసేశాను. ఒక చేత్తో గొట్టం పట్టుకుని ఆ సన్నటి వంకను తనివితీరా చూశాను. చెక్కనూ స్క్రూలనూ చొక్కా జేబులో వేసుకుని, రేపు బిగిద్దాంలే అనుకుని కిందికి దిగాను.

ఇంతవరకూ జరిగింది మరుపు. మరుపు ఎవరికైనా వస్తుంది. మర్నాడు అదే చొక్కా తొడుక్కుని, బిగించడం మరిచిపోయి, అందరినీ మిద్దెమీదికి పిలవడం కూడా మరుపే. దాని గురించి నేను ఎప్పుడూ బాధపడలేదు. ఇన్నేళ్ళు నన్ను నేను మోసం చేసుకున్నది కూడా ఇక్కడే. "అరె, మరిచిపోయాను, అంతే కదా" అని ఈ మరుపు దగ్గరే కథ ఆపేసుకునేవాణ్ణి. కథ ఇక్కడ ఆగలేదు.

చవితి సాయంత్రం ఏడెనిమిది మంది వచ్చారు. వచ్చారు కానీ అందరి చూపూ నేలమీదే. ఎదురింటి కామాక్షమ్మ కొంగు కనుబొమల దాకా లాక్కుని, ఎండలో నడిచినట్టు నడుచుకుంటూ వచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. చంద్రుడు రాయి అన్నాను. రాయి ఎవరినీ నిందించదు అన్నాను. కొంచెం పెద్దగా కనబడాలని గొట్టం ముందు చివర, కన్ను పెట్టే చోట, ఇంట్లో ఉన్నవాటిలో బరువైన కంటికటకం తగిలించాను. ఒక్కరూ ముందుకు రాలేదు. అలా నేను మాట్లాడుతూ ఉండగానే చంద్రుడు బాగా కిందికి దిగిపోయాడు. అప్పుడు నమాజు ముగించుకుని, అంగడి మూసి, ఖాదర్ వచ్చాడు.

"మాకు నెలవంక కనపడితే పండగ. మీకు కనపడితే నింద. సంద్రుడొకడే గదప్పా" అంటూ నవ్వి, గొట్టాన్ని కిందికి వంచి కన్ను పెట్టాడు. "అబ్బ, తలకిందులుగా ఉండాడే" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు సంతోషం వేసింది. ఒక్కడైనా చూశాడు కదా అని.

చూసి, తాను చేసిన పెట్టెమీద తనకున్న నమ్మకంతో, గొట్టం మీది నుంచి చెయ్యి తీసేశాడు.

గొట్టం ముందుకు ఒరిగి, పెట్టె అంచుకు తగిలి, వెనకవైపు పైకి లేచి గుంటల్లోంచి బయటపడింది. ఖాదర్ పట్టుకోబోయాడు. గొట్టానికీ పెట్టెకూ మధ్య అతని బొటనవేలు నలిగింది. గొట్టం మిద్దెమీద పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. అద్దం అంచున పెచ్చు ఊడింది. అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట ఇది.

"ఏం సేసినావప్పా కాదరూ?"

ఆ మాట అనేటప్పుడు నాకు నిజంగా గుర్తులేదు. ప్రమాణం చేసి చెప్పగలను. కానీ అన్న మరుక్షణం నా చెయ్యి జేబు మీదికి పోయింది. చెక్క తగిలింది. అప్పుడు తెలిసింది. తెలిసి, ఏం చేశాను? చెయ్యి అక్కడే ఉంచుకుని నిలబడ్డాను.

ఖాదర్ వేలు నోట్లో పెట్టుకుని పెట్టెముందు కూర్చున్నాడు. రెండు ఖాళీ బెజ్జాలు చూశాడు.

"అడ్డుసెక్క లేదే. యాడబోయింది?" అన్నాడు.

"ఈడే యాడో పడుంటాది, సూడు" అన్నాను.

టార్చి తెచ్చి వెతికాం. అతనూ నేనూ. వంగి, మోకాళ్ళమీద కూర్చుని, పూలకుండీల వెనకా, నీళ్ళతొట్టి కిందా. నేను వంగినప్పుడల్లా జేబులో చెక్క రొమ్ముకు తగులుతూనే ఉంది. జారి పడుతుందేమోనని ఒక చేత్తో జేబు పట్టుకుని, ఇంకో చేత్తో వెతికాను. ఇది మరుపు కాదు. దీనికి నా దగ్గర ఏ పేరూ లేదు, ఒక్క పేరు తప్ప, అది మీకు తెలుసు.

ఎందుకు చెప్పలేకపోయాను? చెబితే ఏమయ్యేది? నాలుగు రోజులు నవ్వేవాళ్ళు. చంద్రుడు రాయి అని మైకులో అరిచిన మొనగాడు తన స్క్రూ తాను బిగించుకోలేకపోయాడు అనేవాళ్ళు. అంతకుమించి ఏమీ జరిగేది కాదు. ఆ నాలుగు రోజుల నవ్వుకు భయపడ్డాను. ఎంత చిన్న భయమో చూడండి. పెద్ద భయమైతే కనీసం క్షమించుకోవడానికి ఏదో ఒక సాకు దొరికేది.

చివరికి ఖాదరే లేచి నిలబడ్డాడు. "నేనే పొట్టి స్క్రూలు కొట్టుంటా. ఊడి కాలవలో పడిపోయుంటాది" అన్నాడు. నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. కామాక్షమ్మ మాత్రం గోడవైపే తిరిగి, "సవితి సంద్రుణ్ణి సూస్తే ఊరికే పోతాదా" అంది.

ఆ మాట నాకు ఎంత అక్కరకొచ్చిందో. జీవితమంతా ఏ నమ్మకాన్ని ఎగతాళి చేశానో, దాని వెనకే దాక్కున్నాను. మర్నాటికి వీధంతా అదే మాట. సాయిబు చవితి చంద్రుణ్ణి చూశాడు, ఆ దోషం అతని మీదికి వచ్చింది. ఒక్కరికీ తెలియనిదేమిటంటే, చేయని తప్పుకు నింద పడుతుందన్న ఆ మాట అక్షరాలా నిజమైంది. నిజం చేసింది చంద్రుడు కాదు. నేను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా వీధి వినాయకుణ్ణి నిలబెట్టే మొల ఎత్తు చెక్క గద్దె ప్రతి ఏడూ ఖాదరే చేసేవాడు. అంతకుముందు వాళ్ళ నాయన చేసేవాడు. ఆ నెలలో ఖాదర్ ముఖం చూడాలి, పెళ్ళిపెద్దలా తిరిగేవాడు. నిమజ్జనానికి లారీ ఎక్కించేటప్పుడు కూడా గద్దె పక్కన అతనే నిలబడేవాడు. మరుసటి ఏడు కమిటీవాళ్ళు అతన్ని అడగలేదు. ఎవరూ తిట్టలేదు, కాదనలేదు. అడగలేదు, అంతే. "స్వామి పడితే ఏం గాను" అని ఎవరో అన్నారు. ఇనప గద్దె ఒకటి చిత్తూరు నుంచి అద్దెకు తెచ్చారు. నేనూ ఆ కమిటీలో ఉన్నాను. ఆ మాట అన్నప్పుడు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

వేరే అడ్డుచెక్క చేసిస్తానని ఖాదర్ రెండుసార్లు వచ్చాడు. "వద్దులే" అన్నాను. మొదటిది నా ఇంట్లో ఉండగా రెండోది అతని చేత ఎలా చేయించుకోను? కానీ అతనికి అది ఇంకోలా వినబడింది. నీ పని నాకు వద్దు అన్నట్టు వినబడింది. అది అతని ముఖంలో చూశాను కూడా. చూసి సరిచేయలేదు. టెలిస్కోపును మెట్ల కింద దుప్పటి కప్పి పెట్టేశాను. ఎవరైనా అడిగితే అద్దం పాడైందని చెప్పేవాణ్ణి. నిజానికి పెచ్చు ఊడింది అంచున. చూడటానికి ఏ అడ్డమూ లేదు.

ఆ తరువాత ఖాదర్ ఒక స్క్రూ చాలినచోట రెండు కొట్టడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ఇది ఒక నవ్వులాట అయింది. ఏ ఇంటికి వెళ్ళినా తలుపు బందుల దగ్గర జంట స్క్రూలు చూసి, ఇది ఖాదర్ చేసింది అని చెప్పేయవచ్చు. నేను చూసిన ప్రతి తలుపూ నన్ను నిలదీసేది. ఆ మనిషి తన చేతిని తాను నమ్మడం మానేశాడు. అతని చేతిలో ఏ తప్పూ లేదని తెలిసినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే.

మరి ఆ చెక్క ఏమైంది? పారేద్దామని ఒక మూల పెట్టాను. నా భార్యకు దొరికింది. గ్రైండర్ పెట్టిన బల్ల ఒక కాలు ఊగుతుంటే దాని కింద దోపింది. సరిగ్గా సరిపోయింది. ఆమెకు అది చెక్కముక్క, నాకు ఏమిటో ఆమెకు ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఇడ్లీపిండి దానిమీదే రుబ్బారు. గ్రైండర్ తిరుగుతున్నంతసేపూ నేను వంటింట్లోకి పోయేవాణ్ణి కాదు. శబ్దం పడదు అని చెప్పేవాణ్ణి.

ఈ ఏడు చవితికి రెండు రోజుల ముందు కామాక్షమ్మ తన ఇంట్లో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకు ఊరి సంగతులు చెబుతోంది. నేను గడపలో పేపరు చదువుతున్నాను. కొత్తావిడ, పిల్లల మంచం ఒకటి చేయించుకోవాలి, దగ్గర్లో ఎవరున్నారు అని అడిగింది. కామాక్షమ్మ గొంతు తగ్గించింది. "ఆ సాయిబు మంచోడే తల్లీ. పని గూడా బాగుండేది. ఆ సంద్రుణ్ణి సూసినప్పుట్నుంచి సెయ్యి నిలకడ తప్పిపోయినాది" అంది. ఎంత ప్రేమగా అందో. తిట్టినా బాగుండేది.

పేపరు మడిచాను. వంటింట్లోకి వెళ్ళి బల్ల ఎత్తి చెక్క లాగేశాను. "ఏమైంది మీకు, పిండి ఒలికిపోతాది" అంటోంది నా భార్య. "ఇది ఖాదర్‌ది" అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు.

ఖాదర్ చిత్రిక పడుతున్నాడు. బల్లమీద అతని ముందు చెక్క పెట్టి, మాటలు మింగుతూనే చెప్పాను. తదియ సాయంత్రం నుంచి. అతను చెక్క తీసుకుని తిప్పి చూశాడు. స్క్రూ బెజ్జాల్లో గోరు పెట్టి గీకాడు. పగలని, చీలని బెజ్జాలు. విప్పి తీసినవి.

"పొట్టి స్క్రూలు కాదన్నమాట" అన్నాడు.

"కాదు."

చెక్కను ఇంకోసారి తిప్పాడు. తరువాత తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ పొద్దు నాతో పాటు వంగి ఎతికినావు గదప్పా నువ్వు."

"ఎతికినాను."

"జోబులో పెట్టుకోనే."

"అవును."

చెక్కను అటకమీద, ఉలుల పక్కన పెట్టాడు. "సరే, పో. పనుండాది" అన్నాడు. మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. నేను క్షమించమని అడగలేదు. అడగడం కూడా అతని మీద ఇంకొక పని మోపడమే అనిపించింది.

అక్కడినుంచి నేరుగా పందిటికి పోయాను. కమిటీవాళ్ళు దీపాలు కడుతున్నారు. కామాక్షమ్మను కూడా పిలిచాను. ఈసారి మైకు పట్టుకోలేదు. ఖాదర్‌కు చెప్పినదే వాళ్ళకూ చెప్పాను. ఎవరూ పెద్దగా తిట్టలేదు. ఒకాయన "ఛీ" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే, మీరు నమ్మండి నమ్మకపోండి, ఒళ్ళు తేలికైపోయింది. ఎన్నాళ్ళుగానో రావలసినది వచ్చింది అనిపించింది. గద్దె సంగతి ఎత్తితే, ఇప్పటికే ఇనపది తెచ్చేశాం, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. వచ్చే ఏడు అడిగినా ఖాదర్ చేస్తాడో లేదో నాకు తెలియదు. అది అతని ఇష్టం.

కామాక్షమ్మ అంతా విని, "నీ సేత అట్ల సేయించింది గూడా ఆ సంద్రుడే నాయనా" అంది. నవ్వొచ్చింది. ఎన్నో ఏళ్ళ తరువాత ఆమె మాటకు ఎగతాళిగా కాకుండా నవ్వాను. "కాదత్తా, నేనే" అన్నాను. మంచం గురించి కొత్తావిడకు ఏం చెప్పిందో మరి అడగలేదు. మర్నాడు ఆ కొత్తావిడ ఖాదర్ అంగడి మెట్లెక్కుతుండటం మాత్రం చూశాను.

చవితి సాయంత్రం టెలిస్కోపును మెట్ల కింది నుంచి తీసి, దుమ్ము దులిపి, మిద్దెమీదికి మోసుకెళ్ళాను. ఎవరినీ పిలవలేదు. ఖాదర్ రాలేదు. వస్తాడని అనుకోలేదు కూడా. పెట్టె ఇంకా నున్నగా తిరుగుతోంది. ఇన్నేళ్ళయినా గుంటలు ఇసుమంత కూడా వదులు కాలేదు. ముందువైపు రెండు బెజ్జాలు ఖాళీగా ఉన్నాయి. అడ్డుచెక్క ఖాదర్ దగ్గరే ఉంది. అతను ఇవ్వలేదు, నేను అడగలేదు.

నెత్తిన అక్షతలు వేసుకోలేదు. చేయని తప్పుకు కదా ఆ నింద పడేది. ఇప్పుడు మా వీధిలో నా మీద ఉన్నది చేసిన తప్పుకు వచ్చింది. ఇన్నేళ్ళు దారి తప్పి ఖాదర్ ఇంట్లో ఉండి, ఇప్పుడు నా ఇంటికి చేరింది. దాంతో బతకడం నాకు చేతనవుతుంది. చంద్రుడు జారిపోతుంటే కొంచెం కొంచెంగా తోసుకుంటూ, కొండ వెనక్కి దిగిపోయేదాకా చూశాను. ఎడమచెయ్యి నొప్పి పుట్టింది. అయినా గొట్టాన్ని వదల్లేదు.